ఇరవయ్యెనిమిదో తారీఖు రొట్టె

దెల్ఫీనా పిండి గంప నడుముకి ఆనించుకుని బట్టీ గుమ్మంలోకి వచ్చేసరికి హెర్మీలా తడి చీపురుతో బట్టీ అడుగు ఊడుస్తోంది. చూసింది. చూడనట్టు ఇంకో నాలుగుసార్లు ఊడ్చింది. ఊడవడానికి అక్కడ రవ్వంత బూడిద కూడా లేదు. గోడవార బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్న ఆడవాళ్ళంతా మాటలాపేశారు. ఈ ఇద్దరూ ఎదురుపడేది ఎప్పుడా అని సాన్ హసింతో ఊరంతా దెల్ఫీనా మొగుడు ఫెర్మీన్ పోయిన జూన్ నెల నుంచి కాచుకుని ఉంది మరి.

"వదినా, నా వంతు ఎప్పుడు?" అంది దెల్ఫీనా.

"ఏ రోజుకి కావాలి?"

"అందరితో పాటే. నవంబరు ఒకటో తారీఖుకి."

హెర్మీలా చీపురు గోడకి ఆనించి, నడుముకి కట్టుకున్న ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుంది. తొందరేం లేనట్టు ఒక్కొక్క వేలే తుడుచుకుంది. "మా తమ్ముడు వచ్చేది అక్టోబరు ఇరవయ్యెనిమిదిన. పడి పోయినవాళ్ళూ, పొడిపించుకుని పోయినవాళ్ళూ, బస్సు కింద పోయినవాళ్ళూ వచ్చే రోజది. నీకు తెలీదేమో, చెబుతున్నా."

"మీ తమ్ముడు పడ్డాడు. పడి పోలేదు. ఆ తర్వాత నెల పైన మంచంలో ఉన్నాడు. ఊపిరితిత్తులకి నెమ్ము చేసింది. ఫాదరొచ్చి ఆఖరి నూనె రాశాక, నా చేతి నీళ్ళు తాగి పోయాడు. అది మంచంలో పోవడం కాదా?"

"వానలో పెంకులు సర్దమని కప్పు మీదకి ఎక్కించిందెవరమ్మా?"

బెంచీ మీద ఎవరో గొంతు సవరించుకున్నారు. చనిపోయినవాళ్ళు ఏడాదికోసారి తమ ఇళ్ళకొచ్చి తిని వెళ్ళే పండగ ఇది. మంచంలో పోయిన పెద్దలు ఒకటో తారీఖు మధ్యాహ్నం గంటలు కొట్టాక వస్తారు. ప్రమాదాల్లో పోయినవాళ్ళు వాళ్ళకంటే ముందే, ఒంటరిగా, ఇరవయ్యెనిమిదిన వస్తారు. ఫెర్మీన్‌కి ఇరవయ్యెనిమిదిన నైవేద్యాల బల్ల పరిస్తే, మొగుడి చావుకి తనే కారణమని దెల్ఫీనా తన చేత్తో తనే ఊరికి చాటినట్టు. ఆ సంగతి హెర్మీలాకి బాగా తెలుసు. అందుకే ఆ తారీఖుని పట్టుకుంది, కోడిని పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుంది.

"ఇరవయ్యెనిమిదికంటావా, నీ గంప ఇప్పుడే ఇలా తే. అందరికంటే ముందు కాల్చిస్తా. ఒకటో తారీఖుకి మాత్రం ఫెర్మీన్ పేరు మీద నా బట్టీలో రొట్టె కాలదు."

ఊళ్ళో ఉన్నది ఒక్కటే బట్టీ. పక్క ఊరికి పోదామంటే పండగ వారంలో ఎవరి బట్టీ వాళ్ళ ఊరికే చాలదు. దెల్ఫీనా గంప దించలేదు. ఆమె కళ్ళలో నీళ్ళొస్తాయేమో చూద్దామని హెర్మీలా తల కాస్త వంచింది కూడా. రాలేదు.

"ఆడబిడ్డ అర్ధమొగుడంటారు" అంది దెల్ఫీనా నెమ్మదిగా. "ఆయన పోయాడుగా, మిగతా సగం కూడా నువ్వే అయిపోదామనుకుంటున్నావా వదినా?"

బెంచీ చివర కూర్చున్న చోనా పక్కుమంది. హెర్మీలా తిరిగి ఒక్క చూపు చూసేసరికి ఆ నవ్వుని దగ్గు చేసుకుంది.

"పో. పో ఇక్కణ్ణుంచి. నీ పిండి పులిసిపోతుంది."

"నా పిండి గోల నీకెందుకు? ఒక్కటి విను. ఊళ్ళో ప్రతి రొట్టెకీ మొహం నేనే చేస్తాను. ఈ ఏడూ చేస్తా. అడిగినవాళ్ళకల్లా ఇస్తా. నీకు మాత్రం ఒక్కటి కూడా ఇవ్వను. మొహం లేని రొట్టె పెట్టుకో మీ తమ్ముడికి."

అని గుమ్మం దాటి వెళ్ళిపోయింది. గంప బరువుకి ఆమె చెప్పులు దుమ్ములో ఈడుస్తున్న చప్పుడు వీధి మలుపు దాకా వినబడింది.

"తరవాత ఎవరు?" అని అరిచింది హెర్మీలా. ముగ్గురు ఒకేసారి లేచారు.

*

పండగ రొట్టె నెత్తిన గుచ్చే మొహం చెయ్యడం ఏం బ్రహ్మవిద్యా అనుకుంది హెర్మీలా. ముద్దగా కలిపిన మైదా, మట్టి అచ్చు, నాలుగు రంగులు. అచ్చు అటక మీద ఎక్కడో పాతది దొరికింది. ఇరవయ్యారు సాయంత్రం వంటింట్లో కూర్చుని పిండి ముద్దని అచ్చులో ఒత్తింది. బొటనవేలంత మొహం, కానీ ముక్కు అచ్చులోనే ఉండిపోయింది. ఇంకోటి ఒత్తింది. ఆరాక బుగ్గలకి ఎరుపు రాస్తే మెడ దాకా కారింది. కళ్ళకి నలుపు పెడితే రెండూ కలిసి ఒకే కన్నయింది.

చిక్కుళ్ళు ఒలుస్తున్న తల్లి తోమాసా ముసలమ్మ మెడ సాచి చూసింది. "ఎవరే అది? గుడ్లగూబా?"

"నీ కొడుకు."

"నా కొడుకు అందగాడు" అని మళ్ళీ చిక్కుళ్ళలో పడింది ముసలమ్మ.

హెర్మీలా ఆ మొహాన్ని పొయ్యిలోకి విసిరేసింది. మొహం లేకపోతే ఏం, అక్క చేతి రొట్టెని తమ్ముడు గుర్తుపట్టడా? పాలు మానిన పిల్లాడికి గోరుముద్దలు పెట్టి పెంచిన చెయ్యి ఇది. రాత్రి పిండి కలిపి కంబళ్ళు కప్పింది. ఊరి వాళ్ళ రొట్టెల్లో గుడ్ల సొన ఎంత పడుతుందో దానికి రెట్టింపు వేసింది. సోంపు చేత్తో నలిపి వేసింది, నారింజ తొక్క తురిమింది, పందికొవ్వు వెచ్చగా కరిగించి పోసింది. తెల్లారేసరికి పిండి పొంగి కంబళిని ఎత్తేసింది. డజను రొట్టెలు గుండ్రంగా చేసి, పైన సొన పూసి, నువ్వులు జల్లింది. చింత నిప్పులు పక్కకి లాగి బట్టీ అడుగున గుప్పెడు పిండి జల్లి చూసింది. పిండి ఎర్రబడుతుంది తప్ప మాడడం లేదు. సరిగ్గా అదే వేడి. తెడ్డు మీద ఒక్కో రొట్టె లోపలికి తోసింది. బయటికొచ్చినప్పుడు వాటి వాసనకి వీధిలో పోతున్న ఆటోవాడు బండి ఆపి తొంగి చూశాడు.

ఇరవయ్యెనిమిదిన బల్ల పరిచింది. తెల్లటి గుడ్డ, మెస్కల్ సారా సీసా, నల్ల మోలె కూర, ఫెర్మీన్ సిగరెట్లు, ఫోటో. వీధి గేటు నుంచి బల్ల దాకా బంతిపూల రేకులు దారిగా పోసింది. సాంబ్రాణి వేసింది. ఇక కొవ్వొత్తి ఒక్కటే మిగిలింది.

"అమ్మా, రా. నువ్వు వెలిగించాలి."

"నేను వెలిగించను."

"నీ కొడుక్కి నువ్వు వెలిగించవా?"

"నా కొడుకు ఒకటో తారీఖున వస్తాడు. వాడు పోయినప్పుడు వాడి కాళ్ళు నా ఒళ్ళో ఉన్నాయి. నాకు తెలీదా వాడెలా పోయాడో? ఇవాళ తిరిగేదంతా కత్తి చావుల వాళ్ళూ, లారీ చావుల వాళ్ళూ. నువ్వు ఎవర్ని పిలుస్తున్నావో నువ్వే చూసుకో" అని ముసలమ్మ కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చుంది.

హెర్మీలా పళ్ళు నూరి, కొవ్వొత్తి తనే వెలిగించి, బల్ల పక్కన ముక్కాలి పీట వేసుకుంది. పండగ బల్ల దగ్గరికి ఇరుగుపొరుగు వచ్చి కాసేపు కూర్చోవడం ఆనవాయితీ. మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. వస్తే హెర్మీలా పక్షం అయిపోతారుగా. గేటు బయట అడుగుల చప్పుడు వినబడ్డప్పుడల్లా లేచి చూసింది. అవన్నీ అవతల వీధికి పోయే అడుగులే. సాయంత్రానికి మోలె మీద తెట్టు కట్టింది. ఒక కుక్క బంతిపూల దారి తొక్కుకుంటూ లోపలికొచ్చి, కూర వాసన చూసి, ముసలమ్మ అదిలిస్తే పోయింది.

"వస్తాడు. మొండోడు. ఎప్పుడు టైంకి వచ్చాడు గనక?" అంది హెర్మీలా ఎవరితోనూ కాకుండా.

పెద్దలు వచ్చి తిని వెళ్ళారా లేదా అన్నది మర్నాడు తెలుస్తుంది. వాళ్ళు తినేది వాసననీ, రుచినీ. మనకి మిగిలేది పిప్పి. పండగ మర్నాడు రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని "అబ్బే, చప్పగా ఉంది" అని మొహాలు వెలిగిపోయేది ఈ ఊళ్ళోనే.

తెల్లవారగానే హెర్మీలా రొట్టె తుంచింది. పట్టుపోగుల్లా సాగింది. నోట్లో పెట్టుకుంది. సోంపు ఘుమ్మంది. నారింజ తొక్క నాలిక మీద చురుక్కుమంది, గుడ్డు సొన కమ్మగా గొంతులోకి జారింది. పుట్టి బుద్ధెరిగాక ఇంత మంచి రొట్టె ఆమె కాల్చలేదు. రెండోది తుంచింది. మూడోది. ప్రతి రొట్టెలోనూ రుచంతా కూర్చునే ఉంది, ఎక్కడికీ పోలేదు. హెర్మీలాకి ఏడుపొచ్చింది. నోటి నిండా రొట్టె ఉంటే ఏడవడం కుదర్లేదు.

ముసలమ్మ వచ్చి ఒక ముక్క తీసుకుని కప్పులోని వేడి చాక్లెట్‌లో ముంచి తింది. "ఎంత రుచిగా ఉందే తల్లీ" అంది. అంతకంటే చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

బట్టీ దగ్గర చోనా మొదటి మాటే అది అడిగింది. "వచ్చాడా మీ వాడు?"

"రాకేం? వచ్చాడు. రొట్టె గడ్డి తిన్నట్టుంది."

"అయితే ఒక ముక్క పెట్టు, మేమూ చూస్తాం."

"అయిపోయింది."

"డజను కాల్చావు కదా?"

"నీ పిండి కాల్చాలా వద్దా?" అని కసిరింది హెర్మీలా. మిగిలిన రొట్టెలు గుడ్డలో చుట్టి చెక్కపెట్టెలో పెట్టి మూత వేసింది. పెద్దల రొట్టె పందులకి వెయ్యకూడదు. వెయ్యగలిగితే అప్పుడే వేసేసేది.

*

ఆ తర్వాత ఊపిరాడని పని. బట్టీ చల్లారడానికి వీల్లేదు. కట్టెలు వెయ్యడం, నిప్పులు లాగడం, తడి చీపురు, గుప్పెడు పిండి, తెడ్డు, మళ్ళీ కట్టెలు. ఆడవాళ్ళు తమ రొట్టెలు తామే గుండ్రంగా చేసుకుని, నడినెత్తిన దెల్ఫీనా చేసిన మొహం గుచ్చి, రేకుల మీద వరసగా పేర్చి అందిస్తారు. హెర్మీలా వాటిని లోపలికి తోస్తుంది. ఈ ఏడు ప్రతి ఇంటివాళ్ళూ నిరుటికంటే ఒకటో రెండో ఎక్కువే తెచ్చారు. పంటలు బాగున్నాయి కాబోలనుకుంది.

ముప్ఫయ్యో తారీఖు పొద్దున చోనా చేతిలోంచి రేకు అందుకుంటుంటే ఒక రొట్టె మీద హెర్మీలా చెయ్యి ఆగింది. మిగతా వాటి మీద మామూలు మొహాలే. నీలం ముసుగు మేరీమాతలు, బుగ్గల పిల్లలు. ఈ ఒక్కదానికి మాత్రం ఒత్తైన మీసం ఉంది. ఎడమ కనుబొమ మధ్యలో విరిగి ఉంది. చిన్నప్పుడు బట్టీ అంచు తగిలి విరిగిన కనుబొమ అది. ఆ గాయానికి కాఫీ పొడి అద్దింది హెర్మీలాయే.

"ఎవరి మొహమే ఇది?"

"నన్నడుగుతావేం? తమ్ముణ్ణి గుర్తుపట్టలేదా?" అంది చోనా.

"ఎందుకు గుచ్చావు?"

"ఈ ఏడు కొత్తగా చావైన ఇల్లు దెల్ఫీనాది. ఆ ఇంటికి మనం రొట్టె పట్టుకెళ్ళాలా అక్కర్లేదా? ఆమెకి బట్టీ లేకుండా చేశావు. మేమందరం తలా ఒకటి కాల్చుకెళితే నీకేం పోయింది? ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారని, నీకే పట్టిందిది."

హెర్మీలా గోడవార రేకులన్నీ ఒకసారి చూసింది. బెంచీ మీద, చాప మీద, కిటికీ అరుగు మీద. ప్రతి రేకు మీదా ఒక మీసం. ఈ రెండ్రోజుల్లో ఎన్ని తోసిందో లోపలికి, చూసుకోకుండానే. చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి ఆమెకి.

"తీసెయ్ దాన్ని."

"నేను తియ్యను. నీకంత కష్టంగా ఉంటే నువ్వే వేలు పెట్టి పీకు."

హెర్మీలా వేలు పెట్టింది. మీసం మీద దాకా వెళ్ళింది వేలు. పచ్చి సొన తడి తగిలింది. బెంచీ మీద ఒక్కరూ కదల్లేదు. ఎవరూ వద్దనలేదు. వద్దంటే బాగుండునని హెర్మీలాకి అనిపించింది, అప్పుడు కసిగా పీకేసేది. వేలు వెనక్కి తీసుకుని ఏప్రాన్‌కి తుడుచుకుంది. రేకు అందుకుని, తెడ్డు మీదకి ఎత్తి, తమ్ముణ్ణి లోపలికి తోసింది. మళ్ళీ ఇంకో రేకు. మళ్ళీ. ఆ రోజంతా అదే పని. అన్నీ చక్కగా కాలాయి. ఒక్కటైనా మాడితే బాగుండునని ఎంత కోరుకున్నా, మాడబెట్టడం ఆ చేతులకి చేతకాలేదు.

ముప్ఫయ్యొకటిన ఆఖరి వంతు. బెంచీ ఖాళీ అయిపోయిందనుకుని హెర్మీలా నిప్పులార్పబోయింది. చివర్న తోమాసా ముసలమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో చిన్న మట్టిమూకుడు, దాని మీద గుడ్డ.

"నువ్విక్కడేం చేస్తున్నావమ్మా?"

"నా వంతు కోసం చూస్తున్నా" అంది ముసలమ్మ, ఊళ్ళో ఏ ఆడదైనా అన్నట్టే. గుడ్డ తీసింది. పిడికెడంత రొట్టె, వంకర టింకరగా ఉంది. కళ్ళు ఆనని మనిషి చేసింది మరి. దాని నెత్తిన మీసం.

హెర్మీలా తల్లికేసి చూసింది. తల్లి ఆమెకేసి చూడలేదు, బట్టీ నోటికేసి చూస్తూ కూర్చుంది. హెర్మీలా మూకుడు తీసుకుంది.

*

ఒకటో తారీఖు మధ్యాహ్నం చర్చి గంటలు మొదలయ్యాయి. ముసలమ్మ నల్లశాలువా కప్పుకుని, వంకర రొట్టె గుడ్డలో కట్టుకుని గేటు దగ్గర నిలబడింది.

"ఆటో పిలవనా?" అంది హెర్మీలా.

"కొడుకు దగ్గరికి ఆటోలో పోతానా? చెయ్యి పట్టుకో."

చెయ్యి పట్టుకుని గేటు దాకా వెళ్ళి, "ఉండు" అని వెనక్కొచ్చింది హెర్మీలా. చెక్కపెట్టె మూత తీసింది. నాలుగు రోజులైనా సోంపు వాసన గుప్పున మొహాన కొట్టింది. అదే ఆమెకి పడలేదు. రాత్రీ పగలూ ఆ పెట్టెలోంచి ఆ వాసన అంటిపెట్టుకుని ఉంది, మందలించినట్టు. ఒక రొట్టె తీసి ఏప్రాన్‌లో చుట్టుకుంది. దీన్ని ఏం చేద్దామనుకుంటోందో ఆమెకే సరిగా తెలియదు.

దెల్ఫీనా ఇంటి దగ్గర వీధిలోకి వరస ఉంది. ఊరంతా అక్కడే ఉన్నట్టుంది. తోమాసా ముసలమ్మని చూసి దారిచ్చారు. ఆమె చెయ్యి పట్టుకున్న హెర్మీలాని చూసి మాటలాపారు. లోపల బల్ల కనపడలేదు, రొట్టెలే కనపడ్డాయి. బల్ల మీద పట్టక కింద చాపలు పరిచి పేర్చారు, చాపలు చాలక కుర్చీల మీద పెట్టారు. ప్రతి రొట్టె రంగూ, ప్రతి పగులూ హెర్మీలాకి తెలుసు. అన్నీ ఆమె తెడ్డు మీదుగా వెళ్ళినవే. ఊళ్ళో ఇంకే ఇంట్లోనూ ఇన్ని లేవు. తన బల్ల మీద డజను.

వచ్చినవాళ్ళు రొట్టె చేతికిచ్చి ఎవరి కోసమో చెప్పాలి. ఇంటావిడ అందుకుని, బల్లకేసి తిరిగి, ఎవరు తెచ్చారో పోయినవాడికి చెప్పాలి. ఇంటికొచ్చిన రొట్టెని కాదనడానికి వీల్లేదు. ముసలమ్మ తన రొట్టె ఇచ్చింది. దెల్ఫీనా ఆమె నుదుటికి నుదురు ఆనించి, "ఏమయ్యా, మీ అమ్మ" అని చెప్పి, ఆ వంకర రొట్టెని ఫోటోకి ఆనించి అన్నిటికంటే ముందు పెట్టింది. పెట్టి ఇటు తిరిగింది. ఎదురుగా హెర్మీలా.

"ఎవరికి వదినా?"

హెర్మీలా ఏప్రాన్‌లోంచి రొట్టె తీసింది. మొహం లేని రొట్టె. "ఫెర్మీన్‌కి."

దెల్ఫీనా దాన్ని చేతిలో తిప్పి చూసింది. పైపెంకు గట్టిపడింది. "ఇది నిన్న మొన్నటిది కాదు. ఇరవయ్యెనిమిదిది కదూ?"

"అవును."

"ఆయన వచ్చాడనీ, తిన్నాడనీ, రొట్టె గడ్డిలా ఉందనీ ఊరంతా చెప్పావు." దెల్ఫీనా గొంతు పెద్దది చెయ్యలేదు. చెయ్యక్కర్లేకపోయింది, గది అంత నిశ్శబ్దంగా ఉంది. "తినేసిన పిప్పి పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టమంటావా? నా మొగుడు నీకు అంత తేలికైపోయాడా?"

చోనా వెనక ఎక్కడో ఉంది. అందరూ ఉన్నారు. కాదని బుకాయించవచ్చు, మర్యాద తెలీదా అని విసురుగా వెళ్ళిపోవచ్చు, ఆ రెండూ హెర్మీలాకి వచ్చిన విద్యలే. నోరు తెరిచింది.

"పిప్పి కాదు" అంది చివరికి. "ఎవరూ ముట్టలేదు దాన్ని. వాడు రాలేదు."

"ఏంటీ?"

"రాలేదు. పొద్దుట్నుంచీ దీపం పెట్టుకుని కూర్చున్నా. మా ఇంటికి రాలేదు. ఆ రోజు వాడిది కాదు. కావాలంటే తిని చూడు."

దెల్ఫీనా రొట్టె అంచు తుంచింది. నోట్లో పెట్టుకుని నమిలింది, తొందర లేకుండా నమిలింది. అంతమంది ఎదురుగా హెర్మీలా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడింది. దెల్ఫీనా మింగింది. కళ్ళు తుడుచుకుంది, కానీ మొహంలో ఏ మెత్తదనమూ రాలేదు.

"సోంపు ఉంది" అంది అందరికీ వినబడేలా. "నారింజ ఉంది. అంతా ఉంది."

తుంచిన వైపు గోడకి పెట్టి, ఆ రొట్టెని కింద చాప మీద, ఆఖరి వరసలో సర్దింది. తర్వాత బల్లకేసి తిరిగింది.

"ఏమయ్యా, మీ అక్క వచ్చింది. రొట్టె నాలుగు రోజుల నాటిది. అయినా తిను."

వెనక వరసలో వాళ్ళు కదిలారు. హెర్మీలా వాళ్ళకి దారిచ్చి, తల్లి పక్కన గోడవార నిలబడింది.